తేదీలమ్మ పెట్టిన సెలవు జవాబు

ఆఫీసులో ఆమెను అందరూ తేదీలమ్మ అంటారు. అసలు పేరు జీతాల పట్టీలో ఉంటుందే తప్ప ఎవరి నోటా రాదు. తూకం యంత్రాలను సరిచూసి, ముద్ర వేసి, పత్రం ఇచ్చే సంస్థ అది. మందుల కొట్టులో బల్ల మీదుండే బుల్లి త్రాసు మొదలుకొని లారీని సరుకుతో సహా తూచే కాటా దాకా, ఏడాదికోసారి ఎవరో ఒకరు వెళ్ళి అవి నిజం చెబుతున్నాయో లేదో చూసి రావాలి. ఎవరు ఎక్కడికి ఏ రోజు వెళ్ళాలో ఆమే నిర్ణయిస్తుంది. పద్దెనిమిదేళ్ళుగా ఊరందరికీ తేదీలిచ్చి ఇచ్చి, ఆ పేరే ఖాయమైపోయింది.

కింద టైర్ల కొట్టు, పైన ఆఫీసు. మెట్లెక్కేసరికే ముక్కులో రబ్బరు వాసన. లోపల ఒక పొడవాటి బల్ల, నాలుగు కంప్యూటర్లు, అద్దాల బీరువాలో మఖమలు గుడ్డ మీద వరుసగా పడుకోబెట్టిన ఇత్తడి తూకపు గుండ్లు. ఆ గుండ్ల బాధ్యత తాతది. తాత అంటే అందరికంటే పాత మెకానిక్కు. తెల్ల చేతి తొడుగులు తొడుక్కుంటే తప్ప గుండుని తాకడు, ఎవరినీ తాకనివ్వడు.

"ఒట్టి చేత్తో ముట్టుకోకు అమ్మాయ్. వేలి జిడ్డు కూడా బరువే" అంటాడు.

లోపలి గదిలో మేనేజరు. ఆయన చాటున ఆయన పేరు ఉపన్యాసం సారు. ఏ విషయం మొదలుపెట్టినా ఆయన చిన్నప్పటి దగ్గర్నుంచి వస్తుంది. ఒకసారి ప్రింటరులో కాగితం ఇరుక్కుందని చెప్పడానికి వెళ్ళిన మనిషి, ఆయన ఈత ఎలా నేర్చుకున్నాడో మొత్తం విని బయటికొచ్చాడు. చెడ్డవాడేం కాదు. కానీ తను మాట్లాడుతుండగా ఎవరైనా మధ్యలో కల్పించుకుంటే మాత్రం మొహం మాడిపోతుంది. "నన్ను పూర్తి చేయనివ్వండి" అని చెయ్యి పైకెత్తుతాడు. ఆ చెయ్యి ఎత్తినప్పుడల్లా తేదీలమ్మకి ఒళ్ళు మండుతుంది. ఏడాదిగా ఇదే మంట.

సంగతి ఇది.

ఆమె భర్త బస్సు డ్రైవరు. ఇరవై ఏడేళ్ళు నడిపాడు. ఇంజన్ల చప్పుడు మీదుగా మాట్లాడి మాట్లాడి గొంతు గంటలా తయారైంది. ఇంట్లో ఉప్పు అందుకోమన్నా పక్కింటివాళ్ళు అందుకునేవారు. పోయిన ఏడాది ఆ గొంతులో గడ్డ అన్నారు. తీసేయాలి, తీసేశాక మాట ఉంటుందో ఉండదో చెప్పలేం అన్నాడు డాక్టరు. ఆ మాట విని ఇంటికొచ్చి ఇద్దరూ వంటగదిలో బల్లకి అటూ ఇటూ కూర్చున్నారు. కాసేపటికి డ్రైవరే అన్నాడు: "ఏమే, నా గొంతు నీ ఫోన్‌లో ఎక్కించి పెట్టుకుంటావా? తర్వాత బెంగ పెట్టుకోకుండా."

ఆయనది బొత్తాల ఫోను, రికార్డింగు లేదు. ఈమె ఫోన్‌లోనే చేయాలి. ఆ ఫోన్ కట్టేయడానికి వీల్లేదు, ఆసుపత్రిలో మంచం ఖాళీ కాగానే ఏదో ఒక నంబరు నుంచి పిలుస్తామన్నారు. సరే, బల్ల మీద గ్లాసుకి ఆనించి పెట్టి మొదలెట్టారు.

"మొదటిసారి నిన్ను చూసింది అద్దంలో" అన్నాడు డ్రైవరు. "నీ స్టాపు దాటించేశానని బస్సంతా అదిరేలా అరిచావు. ఎవర్రా బాబూ ఈ పిల్ల అని అద్దంలో చూసి ఏమనుకున్నానంటే..."

ఫోన్ మోగింది. రికార్డింగు తెగిపోయింది. ఆసుపత్రేమో అని ఎత్తింది. ఐస్‌క్రీం ఫ్యాక్టరీ ఆయన. "మేడం, మా త్రాసు పత్రం రంగుల్లో వస్తుందా, మామూలుగానా?"

ఆమె సెలవులో ఉంది. ఉపన్యాసం సారూ సెలవులోనే ఉన్నాడు. వెళుతూ వెళుతూ తన మెయిలుకి దానంతటదే పోయే సెలవు జవాబు పెట్టించుకున్నాడు. ఆ జవాబు చివర, అత్యవసరమైతే ఫోన్ చేయమంటూ ఈమె సొంత నంబరు. ఆయన వెళ్ళే ముందు శుక్రవారం మూడుసార్లు చెప్పింది. "సార్, నేనూ సెలవే. ఆయనకి ఆపరేషన్. నా నంబరు వద్దు" అని. మూడుసార్లూ ఆయన తల ఊపాడు. మూడోసారి "ఒకటీ అరా వస్తాయమ్మా, అంతేగా" అన్నాడు.

ఆ సాయంత్రం పదకొండు వచ్చాయి. ఐస్‌క్రీం ఆయన, నగల కొట్టు, విత్తనాల కొట్టు, రెండు మందుల దుకాణాలు, బేకరీ, పార్సిలు ఆఫీసు, కాలేజీ ప్రయోగశాల, కాన్పుల వార్డు నర్సు, ఎరువుల గిడ్డంగి, పాత ఇనుము వ్యాపారి. కొంప మునిగిన పని ఒక్కరికీ లేదు. ఫోన్ మోగినప్పుడల్లా డ్రైవరు ఆగేవాడు. ఆమె తిరిగొచ్చాక "ఎక్కడ ఆపాను?" అనేవాడు. "అద్దంలో" అనేదామె. "ఆఁ... పోనీలే, ఇంకోటి చెబుతా" అనేవాడు. పదకొండోసారి చెప్పింది నాలుగే మాటలు. "ఒకవేళ గొంతు పోయిందనుకో, నువ్వు..." ఇనుము వ్యాపారి. అది పెట్టేయగానే ఆసుపత్రి ఫోను: మంచం ఉంది, వెంటనే రండి.

గొంతు పోయింది. మాట స్థానంలో గాలి మిగిలింది. చెవి దగ్గర పెడితే తెలుస్తుంది, అంతే. ఫోన్‌లో పదకొండు ముక్కలున్నాయి, ఒక్కటీ చివరిదాకా లేదు. అద్దంలో చూసి ఏమనుకున్నావని ఒకరోజు పలక చేతికిచ్చి అడిగింది. 'బాగున్నావనుకున్నా' అని రాసిచ్చాడు. ఆమె పలక వంకా మొగుడి వంకా చూసింది. ఆ రోజు ఆయన నోటిదాకా వచ్చింది అది కాదని ఇద్దరికీ తెలుసు. ఆయన భుజాలెగరేశాడు. నిజంగానే మర్చిపోయాడు.

సెలవు నుంచి వచ్చాక ఉపన్యాసం సారుకి ఇదంతా చెప్పబోయింది. "అయ్యయ్యో, ఎలా ఉన్నారమ్మా ఆయన?" అన్నాడు. ఆమె నోరు తెరిచింది. ఆయన ఫోన్ మోగింది. "ఒక్క నిమిషం" అని చెయ్యెత్తి, మాట్లాడుతూ వరండాలోకి వెళ్ళిపోయాడు. ఆ నిమిషం మళ్ళీ పూర్తి కాలేదు.

ఆరోజు ఇంటికెళ్ళి, ఫోన్‌లోంచి పదకొండు నంబర్లూ, చేసినవాళ్ళ పేర్లూ, వచ్చిన సమయాలతో సహా, ఆసుపత్రి చీటీ వెనకాల ఎక్కించుకుంది. మడిచి పర్సులో పెట్టుకుంది. ఎందుకో ఆమెకీ తెలియదు. పారేయబుద్ధి కాలేదు.

ఆ ఏడాదంతా ఆమెకో కొత్త అలవాటు పట్టుకుంది. వచ్చిన సెలవు జవాబులన్నీ శ్రద్ధగా చదివేది. లోకంలో ఎన్ని రకాలుగా మనిషికి విసుగు తెప్పించవచ్చో అందులో కనబడింది. ఒకాయన ఎప్పుడో మార్చిలో తిరిగొచ్చినా అక్టోబరు దాకా సెలవులోనే ఉన్నాడు, జవాబు తీసేయడం మర్చిపోయి. ఒకామె మెయిలు, 'ధన్యవాదాలు' అని రాసినా సెలవులో ఉన్నానంటుంది. మళ్ళీ రాస్తే మళ్ళీ అంటుంది. ఇంకొకాయన జవాబు నలభైమందికి కలిపి రాసిన ఉత్తరానికి నలభైమందికీ పోయింది. అందులో ముగ్గురు కూడా సెలవులో ఉండటంతో ఆ నలుగురి జవాబులూ రెండు రోజులపాటు ఒకదాన్నొకటి పలకరించుకుంటూనే ఉన్నాయి. ఇవన్నీ భరించవచ్చు అనుకుందామె. అడక్కుండా ఇంకొకరి నంబరు రాసేయడం ఒక్కటే భరించరానిది.

మళ్ళీ ఆ నెలే వచ్చింది. ఉపన్యాసం సారు తొమ్మిది రోజులు సముద్రం ఒడ్డున ఇల్లు అద్దెకు తీసుకుని బావమరుదుల కుటుంబాలతో వెళుతున్నాడు. కంప్యూటర్లు చూసే మనిషి ఉద్యోగం మానేశాడు. కాబట్టి ఆయన ఒక కాగితం పట్టుకుని సరాసరి తేదీలమ్మ కుర్చీ దగ్గరికే వచ్చాడు.

"చూడమ్మా, ఇది నా మెయిలుకి పెట్టేయ్. లోపలికెళ్ళే పాస్‌వర్డు కిందే రాశాను."

చదివింది. 'ప్రియ మిత్రులారా! అలల సవ్వడి మధ్య, అలసిన మనసుకు కాస్త విశ్రాంతినిస్తూ...' అని మొదలై తొమ్మిది వరుసలు నడిచింది. ఏ తేదీన వస్తాడో ఎక్కడా లేదు. చివరి వరుస మాత్రం స్పష్టంగా ఉంది: 'అత్యవసరమైతే మా ఆఫీసు సహోద్యోగినిని ఈ నంబరులో ఎప్పుడైనా నిస్సంకోచంగా సంప్రదించండి.'

"నంబరు నాదే ఉంది సార్" అంది.

"నీది కాక ఇంకెవరిదమ్మా? నువ్వే కదా మా ధైర్యం."

"పోయిన ఏడాది వద్దన్నాను కదా సార్."

"ఒకటీ అరా వస్తాయమ్మా" అంటూ ఆయన అప్పటికే సూట్‌కేసు చక్రం గురించి ఇంకెవరికో చెబుతున్నాడు.

పక్కనే తాత గుండు తుడుస్తూ ఆమె మొహం చూశాడు. "ఏంటమ్మాయ్, మొహం అలా వెలిగిపోతోంది?"

"ఏం లేదు తాతా. సారు తాళం నా చేతికిచ్చారు."

"ఏం చేస్తావేం?"

"ఇచ్చింది ఇచ్చినంత తిరిగి ఇచ్చేస్తా. వేలి జిడ్డంత కూడా ఎక్కువ వేయను."

ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక కూర్చుంది. ముందు అందరికీ పోవలసిన జవాబు రాసింది. ఎంత కచ్చలో ఉన్నా పని పాడుచేయడం ఆమె వల్ల కాదు. 'నేను పదో తేదీ వరకు సెలవులో ఉన్నాను, పదకొండున వస్తాను. తనిఖీ తేదీ కావలసినవారు ఆఫీసు చిరునామాకి రాస్తే మర్నాటికి జవాబు వస్తుంది. పత్రం నకలు కావాలంటే రసీదు సంఖ్య రాయండి, చాలు. ఎవరికీ ఫోన్ చేయనక్కరలేదు. ఈ జవాబు మీకు ఒక్కసారే వస్తుంది.' అలల సవ్వడి తీసేసింది. గుంపుగా రాసే ఉత్తరాలకి పోకుండా కట్టేసింది. పదకొండో తేదీ ఉదయం దానంతటదే ఆగిపోయేలా పెట్టింది. ఇంత మర్యాదగల సెలవు జవాబు ఆ ఆఫీసు నుంచి అంతకుముందు పోలేదు.

అప్పుడు పర్సులోంచి చీటీ తీసింది.

ఫలానా మనుషులకి మాత్రం వేరే జవాబు పోయేలా పెట్టుకునే వీలుంది. ఆ పదకొండుమంది మెయిలు చిరునామాలు ఒక్కొక్కటే కొట్టింది. వాళ్ళకి పోయేది రెండే వరుసలు: 'సెలవులో ఉన్నాను. ఏ విషయమైనా ఈ నంబరులో ఎప్పుడైనా నిస్సంకోచంగా సంప్రదించండి.' కింద ఉపన్యాసం సారు సొంత నంబరు. 'నిస్సంకోచంగా' అన్న మాట ఆయనదే. దాన్ని మాత్రం మార్చలేదు.

పత్రాలు ఏడాదివి. పోయిన ఏడాది ఈ నెలలో గడువు తీరినవాళ్ళకే ఈ ఏడాదీ తీరుతుంది. ప్రతి నెలా మొదటి తారీఖున మేనేజరు పేరిట గడువు ఉత్తరాలు పంపడం తేదీలమ్మ పనే. పంపింది. వాళ్ళందరికీ తాత వెళ్ళే తేదీ కూడా ముందే ఖాయం చేసి అందులోనే రాసేసింది, ఎవరి త్రాసూ ఒక్కరోజు కూడా ఆగకూడదని. అయినా వాళ్ళు జవాబు రాస్తారు, సారు సెలవు జవాబు రాగానే ఫోన్ చేస్తారు. ఫోన్ నంబరు కంటబడితే చేయకుండా ఉండలేని మనుషులు వాళ్ళు. ఆమెకి ఒక్కొక్కరి స్వభావమూ తెలుసు.

మూడో రోజు ఉదయం ఉపన్యాసం సారు ఫోను.

"అమ్మా, ఎవరో ఐస్‌క్రీం ఆయన చేశాడు! రంగుల్లో వస్తుందా, మామూలుగానా అంటాడు. నా నంబరు ఎలా దొరికిందతనికి?"

"సెలవు జవాబులో ఉంది సార్."

"నీది పెట్టమన్నాను కదా!"

"అడక్కుండా ఇంకొకరి నంబరు పెడితే బాగుండదని మీది పెట్టాను సార్. మీ నంబరుకి ఎవర్నీ అడగక్కర్లేదుగా."

"తీసెయ్. వెంటనే తీసెయ్" అన్నాడు.

"తీసేస్తున్నాను సార్."

తీసేసింది కూడా. ఆమె అబద్ధాలాడే మనిషి కాదు. కాకపోతే అప్పటికే పదిమందికి అందిపోయింది. వాళ్ళలో సగం మంది నంబరుని అట్టముక్క మీద రాసి గోడకి కొట్టుకునే రకం.

ఆ సాయంత్రం డ్రైవరు గుమ్మంలోనే ఎదురొచ్చాడు. చెవి దగ్గరికి వంగి "స్కోరెంత?" అన్నాడు.

"మూడు. నగల కొట్టాయన అరగంట వదల్లేదట."

డ్రైవరు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వుకి చప్పుడు ఉండదు, భుజాలు మాత్రం ఊగుతాయి. ఆమెకి ఆ ఊగే భుజాలు చూస్తే ఒకపక్క హాయి, ఇంకోపక్క ఇంకా కచ్చ.

నాలుగో రోజుకి ఆరు. ఆరో రోజుకి తొమ్మిది. ప్రతిదానికీ ఆయనే ఫోన్ చేసి లెక్క అప్పజెబుతున్నాడు. "పొద్దున్నే బేకరీ! మా బావకి నేను పడవ కొనబోయిన సంగతి చెబుతున్నాను, సరిగ్గా పట్టులో ఉండగా!"

"అయ్యో. మళ్ళీ చెప్పారా సార్?"

"ఏం చెప్పను! వాళ్ళు లేచిపోయారు."

"పోనీ ఫోన్ కట్టేసుకోండి సార్."

"ఎలా కట్టేస్తానమ్మా? మా అత్తగారిని తీసుకొచ్చే కారువాడు ఎప్పుడు పిలుస్తాడో తెలీదు."

"అవును సార్. అదొకటి ఉంటుంది" అంది తేదీలమ్మ. ఆ మాట ఎంత మెల్లగా అందంటే తాత తలెత్తి చూశాడు.

ఎనిమిదో రోజున కాన్పుల వార్డు నర్సుతో పది పూర్తయ్యాయి. పదకొండోది పాత ఇనుము వ్యాపారి. ఆయనకి పంపిన గడువు ఉత్తరం మొదటిరోజే వెనక్కి వచ్చేసింది. దుకాణం మూసేశాడట. చీటీలో పదిమంది పేర్లూ కొట్టేసి ఉన్నాయి. అడుగున ఆ ఒక్కటే మిగిలింది. 'ఒకవేళ గొంతు పోయిందనుకో, నువ్వు...' అన్నచోట మోగిన ఫోనది. పదీ ఒక ఎత్తు, అదొక ఎత్తు.

మర్నాడు ఆదివారం, సారు సెలవుకి ఆఖరి రోజు. మధ్యాహ్నం భోజనాలయ్యాక వంటగది బల్ల మీద చీటీ పెట్టుకుని కూర్చుంది. డ్రైవరు ఎదురుగా కూర్చుని చీటీని వేలితో పక్కకి జరిపాడు.

"చాల్లేవే" అన్నాడు గాలిగా, బల్ల మీదుగా చెవి దగ్గరికి వంగి. "పది చాలు."

"చాలదు."

"మీ సారు మాత్రం కావాలని చేశాడా?"

"అది మరీ కోపం. కావాలని చేస్తే కనీసం గుర్తుండేది."

ఫోన్ అందుకుంది. డ్రైవరు ఆపలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని చెవి ఆనించాడు.

నాలుగు మోతల తర్వాత ఉపన్యాసం సారు ఎత్తాడు. వెనక పదిమంది నవ్వులు, గిన్నెల చప్పుడు. "చెప్పమ్మా" అన్నాడు, ఇంకా ఆ నవ్వు గొంతులో ఉండగానే.

"ఏదో మాట్లాడుతున్నట్టున్నారు సార్. మధ్యలో ఆపానా?"

"ఆఁ, మా నాన్న నన్ను మొదటిసారి సముద్రానికి తీసుకొచ్చినప్పటి సంగతి. అమ్మాయి అడిగితే చెబుతున్నా. ఎప్పుడూ చెప్పలేదు దానికి. ఏంటి పని?"

"పనేం లేదు సార్. ఎక్కడ ఆపారు?"

"అదే... నాన్న నన్ను భుజం మీద కూర్చోబెట్టుకుని, ఏదో అన్నాడు... ఇందాక నోట్లోనే ఉంది..." ఆయన ఆగాడు. వెనకనించి ఓ ఆడపిల్ల గొంతు "ఏమన్నాడు నాన్నా?" అని వినబడింది. "ఉండమ్మా. ఛ. పోయింది." తర్వాత ఫోన్‌లోకి, విసుగ్గా: "ఏంటమ్మా ఇది, ఆదివారం పూట?"

"పోయిన ఏడాది మీ సెలవులో మూడోరోజు సాయంత్రం సార్. మా ఆయన గొంతు ఆపరేషన్‌కి ఆసుపత్రి పిలుపు కోసం చూస్తూ, ఆయన మాట్లాడుతుంటే రికార్డు చేసుకుంటున్నాను. మీ జవాబులో నా నంబరు చూసి పదకొండుమంది చేశారు. పదకొండుసార్లు తెగింది. ఇప్పుడాయనకి గొంతు లేదు. మీకు ఈ వారం ఫోన్ చేసినవాళ్ళందరూ వాళ్ళే. ఏరి పెట్టాను. ఇది పదకొండోది."

అటువైపు నవ్వులు దూరమయ్యాయి, ఆయన పక్కకి నడిచి వెళ్ళినట్టున్నాడు.

"నాకు తెలీదమ్మా" అన్నాడు.

"మీరు వెళ్ళే ముందు శుక్రవారం మూడుసార్లు చెప్పాను సార్."

ఆయన ఏదో అనబోయాడు. మొదలుపెట్టి ఆపేశాడు. ఆయనంతట ఆయన మాట ఆపడం ఆమె వినడం అదే మొదటిసారి. ఆడపిల్ల గొంతు దగ్గరగా వచ్చింది: "నాన్నా, గుర్తొచ్చిందా?" "లేదమ్మా" అన్నాడు. ఆ 'లేదు' ఆమెకి బాగా వినబడింది. పక్కనున్న డ్రైవరుకీ వినబడింది.

"ఉంటాను సార్" అని పెట్టేసింది.

పెన్ను తీసి ఇనుము వ్యాపారి పేరు మీద గీత గీసింది. డ్రైవరు ఆమె మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు. ఆమె కూడా చూడనిచ్చింది.

"ఆ పిల్ల అడిగింది విన్నావా?" అన్నాడు, చెవి దగ్గరికి వంగి. "పాపం అనిపించలేదూ?"

తేదీలమ్మ నిజాయితీగా తన లోపల వెతికింది. మూలమూలలా వెతికింది. అడిగింది మొగుడు కదా అని కాసేపు ఆగి మళ్ళీ వెతికింది.

"ఇవాళ లేదు" అంది. "రేపు ఆయన మొహం చూశాక చెబుతా."